మామా అంటే మామ కాదు: పాత రికార్డుల్లో ఇంటివాళ్ళ వరసలు, వృత్తులు చదవడం ఎలా

మా నాయనమ్మ తల్లి నిజాం కాలంలో పాతబస్తీలో ఒక దేవిడీలో (జాగీర్దారుల పెద్ద భవంతి) పని చేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఏం పనో మాత్రం ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళ కింద ఆ దేవిడీ జీతాల చిట్టా ఒక పేజీ జిరాక్స్ మా చేతికొచ్చింది. ఉర్దూలో ఉంది. నాకు ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. ఆమె పేరు దొరికింది. పేరు ముందు ‘మామా’ అని ఉంది. “ఆడమనిషి మామ ఎట్లయితది?” అని మా బాబాయి ఒకటే నవ్వు. రెండు వరసల కింద ఇంకొకామె పేరు ముందు ‘అన్నా’ అని ఉంది. దాంతో ఆ చిట్టా రాసినవాడికి మతి లేదని అందరం తీర్మానించేశాం.

దబీర్‌పురాలో ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారికి చూపిస్తే ఆయన నవ్విన నవ్వు వేరు. ఉర్దూ ఇళ్ళల్లో మామా అంటే వంట, పైపని చేసే ఆడమనిషి. అన్నా అంటే పసిబిడ్డకు పాలిచ్చే దాది. మేనమామను పిలవడానికి వాళ్ళకు ‘మామూ’ అని వేరే మాట ఉంది. మేం ఉర్దూ మాటకు తెలుగు అర్థం చెప్పుకుని, తప్పంతా రాసినవాడి మీదకు నెట్టేశాం.

అప్పటి నుంచి చుట్టాలు, స్నేహితులు తెచ్చే పాత కాగితాలు చాలానే చూశాను. ప్రతిసారీ చిక్కు ఇక్కడే వస్తుంది. కాగితం మీదున్న మాట మన తాత తనను గురించి చెప్పుకున్నది కాదు. ఎవరో గుమాస్తా, తన భాషలో, తన ఫారంలోని గడికి సరిపోయేలా రాసుకున్నది. ఆ గడి ఏమడిగిందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. నేను పాటించే వరుస ఇక్కడ రాస్తున్నా.

1. ముందు అది ఏ కాగితమో తేల్చుకోండి

అమెరికాలో ఉన్న మా కజిన్ ఒకరోజు మెసేజ్ పెట్టాడు: “ఇక్కడ 1950 సెన్సస్ పేజీలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఇంటింటి పేర్లతో సహా. మన తాతది కూడా తీసి పంపు.” అక్కడ 72 ఏళ్ళు దాటాక ఆ పేజీలు బయటపెడతారు. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. బ్రిటన్‌లో వందేళ్ళ లెక్క. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మనుషుల వివరాలున్న సెన్సస్ కాగితాలను చూసే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఎవరైనా “మీ ముత్తాతది 1931 సెన్సస్ స్లిప్పు తెప్పిస్తా, ఇన్ని వేలవుతాయి” అంటే డబ్బులిచ్చి మోసపోకండి.

మరి సెన్సస్‌తో మనకేం పని అంటారా? నిఘంటువుగా పనికొస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో 1881 నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలు తీసి రిపోర్టులు అచ్చువేశారు. ఏ వృత్తి పేరు కింద ఎవరిని చేర్చారు, ఎవరిని సంపాదనపరులుగా లెక్కపెట్టారు, ఏ కులాన్ని ఏ పేరుతో రాశారు, అన్నీ అందులో ఉంటాయి. సెన్సస్ శాఖ వెబ్‌సైట్‌లోనే చాలా పాత రిపోర్టుల స్కాన్లు ఉన్నాయి.

మనుషుల పేర్లు వేరే కాగితాల్లో దొరుకుతాయి. భూమి సర్వే, బందోబస్తు (శిస్తు నిర్ణయం) అయినప్పుడు తయారైన సేత్వార్ అనే రిజిస్టరు. 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల, సాగు లెక్క), ఆ తర్వాత ఏటేటా రాసిన పహాణీలు. ఇనాం భూముల, వతన్ (వంశపారంపర్య ఊరి ఉద్యోగాల) ఫైళ్ళు. రిజిస్ట్రీ దస్తావేజులు, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్లు. జాగీర్దారుల, దేవిడీల ఖర్చు లెక్కలు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పార్శీ, ఉర్దూ కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. అక్కడికి వెళ్ళే ముందు ఊరి పేరు, పాత తాలూకా పేరు, ఆ ఊరు ఎవరి కింద ఉండేదో (నేరుగా సర్కారు కింది దివానీనా, ఒకరికి ఇనాముగా వదిలేసిన జాగీరా, పాయిగా నవాబుల ఇలాకానా, నిజాం సొంత ఆస్తి సర్ఫేఖాసా) కనుక్కుని వెళ్ళండి. ఇవేవీ తెలియకుండా వెళ్తే సాయంత్రం దాకా కూర్చుని ఉత్త చేతులతో రావాల్సి వస్తుంది. నేను రెండుసార్లు అలాగే వచ్చాను.

ఒక్కో కాగితం ఒక్కో ప్రశ్న అడుగుతుంది. పహాణీకి కావాల్సింది భూమి ఎవరి పేరున ఉంది, దున్నుతున్నది ఎవరు అన్నది. దేవిడీ చిట్టాకు జీతం ఎవరికివ్వాలన్నదే ముఖ్యం. దస్తావేజుకు హక్కుదారులెవరో, సాక్షులెవరో కావాలి. సెన్సస్ అడిగేది ఈ మనిషికి తిండి ఏ పని మీద గడుస్తోందని. ఒకే మనిషి ఒకదాంట్లో పట్టాదారుగా, ఇంకోదాంట్లో నౌకరుగా, మరోదాంట్లో ఫలానావారి కొడుకుగా మాత్రమే కనబడితే కంగారు పడాల్సింది లేదు.

2. తారీఖు సరిచేసుకోండి

నిజాం కాగితాల్లో ఉండేది ఫసలీ, అంటే పంటల లెక్క సంవత్సరం. అక్టోబర్ మొదటి వారంలో అజుర్ నెలతో మొదలవుతుంది. అజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబెహెష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రీవర్, మెహర్, ఆబాన్: ఇవీ నెలలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే ఫసలీకి 590 కలపండి, జనవరి నుంచి అయితే 591. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీది. ఆగస్టులో వచ్చింది కాబట్టి 591 కలిపితే 1949.

కొన్ని కాగితాల మీద హిజ్రీ (ముస్లింల చాంద్రమాన సంవత్సరం) కూడా ఉంటుంది. 1358 హిజ్రీ అంటే 1939-40. అంకె ఒకటే, తేడా పదేళ్ళు. ఈ ఒక్క పొరపాటుతో నాకు తెలిసిన ఒక కుటుంబంలో తాతగారు తండ్రి పెళ్ళికి ముందే పుట్టారు! పక్కన నెల పేరు అజుర్, దై లాంటిదైతే ఫసలీ, మొహర్రం, సఫర్ లాంటిదైతే హిజ్రీ.

జీతాలున్న కాగితమైతే రూపాయి ఏదో కూడా చూడండి. మన హాలీ సిక్కా వేరు, ఇంగ్లీషు వాళ్ళ కల్దార్ వేరు. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు.

3. చేతిరాత అలవాటు చేసుకోండి

1880ల ముందు కాగితమైతే ఎక్కువగా పార్శీ, తర్వాతది ఉర్దూ. చాలావరకు గొలుసుకట్టు రాత, షికస్తా అంటారు. చుక్కలు ఎగరగొట్టేస్తారు. ఉర్దూలో బే, పే, తే, నూన్, యే అక్షరాలు మాట మధ్యలో వస్తే అన్నీ ఒకే పన్నులా కనబడతాయి. చుక్కలే వాటిని విడదీస్తాయి. జీమ్, చే, హే, ఖేలదీ అదే కథ. పైగా మన పేర్లు తెలుగులోంచి ఉర్దూలోకి వెళ్ళి, మళ్ళీ మన నోట్లోకి రావాలి. మల్లయ్య పేరు ఉర్దూలో మీమ్, లామ్, యే, అలిఫ్ అని నాలుగక్షరాలు. తెలియనివాళ్ళు ‘మలియా’ అని చదివి, ఎవరో ముస్లిం ఆడమనిషి అనుకుంటారు.

నేను చేసే పని ఇది. పేజీలో నాకు ముందే తెలిసిన మాటలు వెతుకుతాను: ఊరి పేరు, తాలూకా పేరు, ‘వల్ద్’, ‘సాకిన్’ లాంటివి. ఆ గుమాస్తా ‘భువనగిరి’లో గాఫ్ ఎలా రాశాడో, ‘సాకిన్’లో నూన్ ఎలా తిప్పాడో ఒక కాగితం మీద గీసి పెట్టుకుంటాను. అలా పది పన్నెండు అక్షరాలు పోగయ్యాక అసలు మాట దగ్గరికి వెళ్తాను. నేరుగా అర్థంకాని మాట మీద పడితే మనకు కావాల్సిందే కనబడుతుంది. ఫోటో తీసేటప్పుడు ఆ ఒక్క పేరున్న గీత కాకుండా పేజీ మొత్తం, వీలైతే ముందూ వెనకా పేజీలు కూడా తీయండి. గడి పేర్లు చాలాసార్లు మొదటి పేజీలోనే ఉంటాయి.

గడి పేర్లలో తరచూ కనబడేవి ఇవి: ‘పేషా’ అంటే వృత్తి, ‘ఖౌమ్’ అంటే కులం, ‘ఉమర్’ వయసు, ‘సాకిన్’ ఉండేది ఎక్కడో, ‘మౌజా’ ఊరు, ‘ఉర్ఫ్’ మారుపేరు. ‘ముతవఫ్ఫీ’ అంటే చనిపోయినవాడు. ఈ మాటను ఇంటిపేరు అనుకున్నవాళ్ళను చూశాను.

4. వరసలు: ఇక్కడ తొందర పడొద్దు

ఒక్క అలిఫ్‌తో మొదలుపెడదాం. ‘వల్ద్’ అంటే ఫలానావారి కొడుకు. ‘వాలిద్’ అంటే తండ్రి. తేడా మధ్యలో ఒక నిలువు గీత. అది చూడకపోతే తండ్రి కొడుకవుతాడు, కొడుకు తండ్రవుతాడు. నర్సయ్య వల్ద్ మల్లయ్య అంటే మల్లయ్య కొడుకు నర్సయ్య. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి మల్లయ్య వల్ద్ నర్సయ్య కూడా అదే ఇంట్లో ఉంటాడు. మూడు తరాలూ ఒక గీత మీద ఆధారపడతాయి. ఇక్కడ వయసుతో సరిచూసుకోవాలి. ఆ వయసులనూ గుడ్డిగా నమ్మొద్దు. పుట్టిన తేదీ తెలియనివాళ్ళ వయసు నలభై, నలభై అయిదు, యాభై అని గుండుగుత్తగా పడుతుంది.

ఆడవాళ్ళ పేరు ముందు ‘ముసమ్మాత్’ ఉంటుంది. మన ‘శ్రీమతి’ లాంటిదే గానీ పెళ్ళయిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. ‘జౌజా’ భార్య, ‘బేవా’ విధవ, ‘బిన్త్’ లేదా ‘దుఖ్తర్’ కూతురు, ‘హంషీరా’ అక్కో చెల్లెలో, ‘బిరాదర్’ అన్నో తమ్ముడో. మనకు అక్కకీ చెల్లికీ వేర్వేరు మాటలున్నాయి, ఆ గుమాస్తాకు ఆ తేడాతో పని లేదు. ‘పోతా’ కొడుకు కొడుకు, ‘నవాసా’ కూతురు కొడుకు. ఆస్తి ఎటు వెళ్ళిందో తేల్చేది ఈ రెండు మాటలే, కాబట్టి జాగ్రత్త.

‘ఖానా దామాద్’ అని ఉంటే ఇల్లరికపు అల్లుడు, మన దిక్కు ఇల్లటం అంటారు. ‘ముతబన్నా’ అంటే దత్తత తీసుకున్న కొడుకు. ‘పర్వర్దా’ అంటే సాదుకున్న పిల్లో పిల్లవాడో, శాస్త్రప్రకారం దత్తత జరిగి ఉండకపోవచ్చు. ఈ రెండింటినీ కలిపేస్తే ఇంట్లో గొడవలవుతాయి. ‘నాబాలిగ్’ అంటే మైనర్. పక్కన ‘బ విలాయత్’ అని ఎవరి పేరైనా ఉంటే వాళ్ళు గార్డియన్. ఇక్కడ విలాయత్‌కీ లండన్‌కీ ఏ సంబంధమూ లేదు.

ఇక మన వరసలతో వచ్చే చిక్కు ఉంది. మేనరికాలు చేసుకునే ఇళ్ళల్లో ఒకే అమ్మాయి మేనకోడలు, కోడలు రెండూ అవుతుంది. ఒక కాగితంలో ‘హంషీరాజాదీ’ (అక్కచెల్లెళ్ళ కూతురు) అని, పదేళ్ళ తర్వాతి కాగితంలో కొడుకు జౌజా అని ఉంటే ఇద్దరు మనుషులనుకోకండి. అలాగే పెదనాన్న కొడుకును మనం అన్న అనే అంటాం. ఆయన ‘బిరాదర్’గా రికార్డులోకి ఎక్కేస్తాడు. “వీళ్ళంతా సొంత అన్నదమ్ములే” అని వంశవృక్షం గీసే ముందు వల్ద్ తర్వాత ఉన్న పేరు అందరికీ ఒకటేనా చూడండి.

భూమి కాగితాల్లో కూడా ఇంటి వరసలు దాగుంటాయి. ఉమ్మడి కుటుంబంలో పట్టా తరచుగా పెద్దవాడి పేరు మీదే ఉండేది. తమ్ముళ్ళు ‘షిక్మీదార్’లుగా కనబడొచ్చు, అంటే పట్టాదారుతో పాటు భూమిలో హక్కున్నవాళ్ళు. ‘ఆసామి షిక్మీ’ మాత్రం కౌలుదారు. 1317 ఫసలీ భూమిశిస్తు చట్టంలో ఈ రెండింటికీ వేర్వేరు నిర్వచనాలున్నాయి. షిక్మీ అన్న మాట చూసి “మా తాత కౌలుకు చేసేవాడట” అని ఒకాయన ఎంత బాధపడ్డాడో! కాగితం మళ్ళీ చూస్తే ఆయన తాత కౌలుదారు కాదు, వాటాదారు.

5. వృత్తులు: తెలిసిన మాటలతోనే ప్రమాదం

తెలియని మాటను ఎవర్నైనా అడుగుతాం. తెలుసనుకున్న మాట దగ్గరే దెబ్బతింటాం. ‘జీతగాడు’ అంటే ఈ కాలం పిల్లలకు నెల జీతం తీసుకునే ఉద్యోగి. తెలంగాణ పల్లెలో జీతగాడంటే ఏడాదికింత అని మాట్లాడుకుని, చాలాసార్లు అప్పుకు కట్టుబడి దొర దగ్గరో పటేల్ దగ్గరో పని చేసేవాడు. ఉర్దూ, ఇంగ్లీషు కాగితాల్లో అతనే ‘భగేలా’. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద రెగ్యులేషన్ కూడా తెచ్చింది. అలాగే ‘తలారి’. ఉరి తీసేవాడని భయపడకండి, ఆంధ్ర వైపు ఊరి కావలివాడు. అటు ‘మునసబు’ ఊరి పెద్ద, జడ్జి కాదు. ‘కాపు’ అని ఉంటే మా దిక్కు పాత మాటలో రైతు అని. రెడ్లు చాలామంది ఆ పేరు కిందే లెక్కకెక్కారు. ఇప్పటి కులం పేరుగా చదివితే తప్పిపోతాం.

నాకు బాగా నచ్చిన చిక్కు ‘సేత్‌సింధీ’. ఒక మిత్రుడి ముత్తాత పేరు పక్కన ఈ మాట ఉంది. ఇంట్లో ఒకరు “మనం సింధీలమా?” అన్నారు. ఇంకొకరు “కాదు, సేంధీ, అంటే కల్లు. మనోళ్ళు కల్లు గుత్తకు పట్టేవాళ్ళు” అన్నారు. హైదరాబాద్ రికార్డుల్లో కల్లుకు సేంధీ అనే మాటే వాడతారు కాబట్టి ఆ ఊహా కొట్టిపారేసేది కాదు. కాగితం దగ్గరికి తెచ్చుకుని చూస్తే మొదటి ముక్క చివర ‘తే’ తోక, మీద రెండు చుక్కలు మసకగా ఉన్నాయి. సేత్‌సింధీ అంటే కొంత భూమి ఇచ్చి ఊరి కావలి, కబురు పనులు చేయించుకునే గ్రామ సేవకుడు. అదే పేజీలో ఇంకో గీత మీద ‘నీరడి’ ఉన్నాడు, చెరువు నీళ్ళు మళ్ళకు వదిలేవాడు. కావలివాడు, నీరడి, పట్వారీ ఒకే పేజీలో ఉన్నారంటే అది గ్రామ నౌకర్ల పట్టిక, కల్లు లెక్క కాదు. ఇరుగుపొరుగు గీతలు చదవమని అందుకే అంటాను. మనకు కావాల్సిన మనిషి పక్కన ఎవరెవరున్నారో చూస్తే గడి ఏమిటో తెలిసిపోతుంది.

‘మజ్కూర్’ అంటే ‘పైన చెప్పిన’ అని. దస్తావేజుల్లో అడుగడుగునా వస్తుంది. చివర ఒక ‘యే’ చేరి ‘మజ్కూరీ’ అయితే సమన్లు అందించే, కబుర్లు మోసే నౌకరు. మన ఊళ్ళల్లో మస్కూరి అనేది ఇదే మాట. ‘బేగారి’ అంటే కూలి ఇవ్వకుండా చేయించుకున్న చాకిరీ, ఆ చాకిరీకి కట్టుబడి ఉన్న మనిషి కూడా. ఇలాంటి మాట మన ఇంటి పేరు పక్కన కనబడితే మనసు చివుక్కుమంటుంది. కొందరు వంశవృక్షంలో దాన్ని ‘వ్యవసాయం’ అని దిద్దేస్తారు. నేనైతే ఉన్నది ఉన్నట్టు రాసి, కింద అర్థం రాస్తాను. చాకిరీ చేయించుకున్నవాడికి లేని సిగ్గు మనకెందుకు?

ఊరి ఉద్యోగాల్లో మాలీ పటేల్ శిస్తు వసూలు చూసేవాడు, పోలీస్ పటేల్ శాంతిభద్రతలు, పట్వారీ లెక్కలు. వీటిని 1980లలో రద్దు చేశారు కాబట్టి ఇప్పటి యాభై దాటినవాళ్ళకు ఇంకా గుర్తే. పై ఉద్యోగాల పేర్లు మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఉత్తరాదిన తాలూక్‌దార్ అంటే భూస్వామి. నిజాం రాజ్యంలో ‘అవ్వల్ తాలూక్‌దార్’ అంటే జిల్లా కలెక్టర్. ‘సుబేదార్’ అంటే పటాలంలో చిన్న ఆఫీసర్ అనుకుంటాం, ఇక్కడ కొన్ని జిల్లాల మీద అధికారి. ‘అమీన్’ ఊళ్ళో పోలీసు, ‘అమీను సాబు’ అని ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారు. కోర్టు కాగితంలో అమీన్ అంటే వేరే, డిక్రీ అమలు చేసేవాడు. ‘కొత్వాల్’ నగర పోలీసు పెద్ద. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చేసిన ఉద్యోగం అదే. ‘మన్సబ్‌దార్’ అనగానే గుర్రం, కత్తి ఊహించుకోకండి. చివరి రోజుల్లో చాలామందికి అది వంశపారంపర్యంగా వచ్చే భత్యం మాత్రమే. ‘వజీఫా’ అంటే పెన్షన్.

నగరంలోని దేవిడీల పట్టికలు వేరే లోకం. ‘చోబ్‌దార్’ వెండి కర్ర పట్టుకుని ముందు నడిచేవాడు, ‘ఫర్రాష్’ తివాచీలు, డేరాలు పరిచేవాడు, ‘మషాల్చీ’ దివిటీలు పట్టేవాడు, ‘భిస్తీ’ తోలుసంచిలో నీళ్ళు మోసేవాడు. ‘మొఘలానీ’ అంటే మొఘల్ వంశపు ఆమె అని మురిసిపోకండి, జనానాలో (ఆడవాళ్ళు ఉండే భాగం) బట్టలు కుట్టే ఆమె. ‘భోయీ’ పల్లకీ మోసే బోయవాడు. మన భోయిగూడ పేరు చూడండి. ‘కామాటి’ అంటే తెలుగు కూలీ, పైపని మనిషి. పాతబస్తీలో కామాటిపురా ఉంది, ఇక్కడి నుంచి పనికి వలస వెళ్ళినవాళ్ళ పేరు మీద బొంబాయిలోనూ కామాటిపురా ఉంది. పేట పేర్లు కూడా ఒక రకం రికార్డులే. దబీర్‌పురాలో ‘దబీర్’ అంటే లేఖరి.

కులవృత్తుల పేర్లు రెండు భాషల్లో జతచేసుకుని పెట్టుకోండి: ధోబీ అంటే చాకలి, హజ్జామ్ అంటే మంగలి, సునార్ అంటే అవుసుల, నజ్జార్ అంటే వడ్ల, లోహార్ అంటే కమ్మరి, దర్జీ అంటే మేర, కలాల్ అంటే గౌడ, సంగ్‌తరాష్ అంటే రాళ్ళు కొట్టేవాడు. ఖౌమ్ గడిలో ఈ మాట ఉంటే కులం, పేషా గడిలో ఉంటే చేసే పని. ఖౌమ్ గడిలో సాలె, పేషా గడిలో కాశ్త్ (సాగు) అని ఉన్నవాళ్ళు ఎంతోమంది. మగ్గం వదిలేసి నాగలి పట్టిన ఇల్లు అలా కనబడుతుంది.

6. ‘ఆధారపడినవారు’ అన్న గడిలో ఎవరున్నారు?

ఇప్పుడు సెన్సస్ రిపోర్టు తెరవండి. 1901 నుంచి 1921 దాకా లెక్కల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళు అని రెండు రకాలే. 1931లో సంపాదించేవారు, పనిచేసే ఆధారితులు, పనిచేయని ఆధారితులు అని మూడు చేశారు. 1951లో మళ్ళీ పేర్లు మారాయి: స్వయంపోషకులు, సంపాదించే ఆధారితులు, సంపాదన లేని ఆధారితులు. ఒక సెన్సస్‌కూ ఇంకో సెన్సస్‌కూ ఆడవాళ్ళ పని అంకెలు ఎగిరిపడుతుంటే పల్లెలో పని మారిందని కాదు, చాలావరకు గడులు మారాయని.

నాట్లు వేసి, కలుపు తీసి, పాలు పిండి, ఇంటికొచ్చి వండే మనిషి సొంత పొలంలోనే చేసింది కాబట్టి, చేతికి కూలి రాలేదు కాబట్టి ఆధారితురాలి గడిలోకి వెళ్ళొచ్చు. అదే మనిషి కరువొచ్చి పక్కవాళ్ళ పొలంలో కూలికి పోతే సంపాదనపరురాలు. కాబట్టి మీ ముత్తవ్వ పేరు పక్కన ఏ వృత్తీ లేకపోతే “ఇంట్లోనే ఉండేదట” అని రాసేయకండి. ఆ ఇంటి మగవాళ్ళ వృత్తి చూడండి. మగవాడి పేషా సాలె అయితే నూలు వడికింది ఎవరు? కుమ్మరి అయితే మట్టి తొక్కింది ఎవరు? రిపోర్టుల్లో అనుబంధ వృత్తుల పట్టికలు ఉంటాయి, అవి కూడా చదవండి.

ఇంకో సంగతి. 1931 దాకా మన దేశంలో లెక్క ఒకే రాత్రి తీసేవాళ్ళు. 1931లో అది ఫిబ్రవరి 26. ఆ రాత్రి ఎవరు ఎక్కడుంటే అక్కడే లెక్క. పెళ్ళికొచ్చిన చుట్టమూ, సత్రంలో పడుకున్న బాటసారీ ఆ చోటు లెక్కలోకే వెళ్ళారు. 1941 నుంచి ఆ ఒక్క రాత్రి పద్ధతి వదిలేశారు. ఊరి జనాభా అంకె ఒక్కసారి పెరిగితే, ఆ రోజు అక్కడ జాతర ఉందా అని ముందు చూసుకోవాలి.

7. రాసిపెట్టుకోండి

నేను ఒక రూళ్ళ నోటుబుక్కులో మూడు నిలువు గడులు గీస్తాను. మొదటిదాంట్లో మాట ఎలా ఉందో అలాగే, ఉర్దూ అక్షరాలతో, చుక్క లేకపోతే లేకుండానే. రెండోదాంట్లో నేను ఎలా చదివాను, ఏ గడిలో ఉంది. మూడోదాంట్లో అర్థం, అది ఎవరు చెప్పారు. రెండు అర్థాలు కుదిరేలా ఉంటే రెండూ రాసి, ఏది ఎందుకు ఎక్కువ నమ్ముతున్నానో ఒక ముక్క రాస్తాను. ఇంటి పెద్దవాళ్ళను అడిగేటప్పుడు “మన తాత సేత్‌సింధీనా?” అని అడగొద్దు, అవునంటారు. “తాత రాత్రిపూట ఎక్కడ పడుకునేవాడు? ఏడాదికి ఏమొచ్చేది? ఎవరు పిలిస్తే వెళ్ళేవాడు?” అని అడగండి. మా బాబాయి అలాగే ఒకటి గుర్తు చేసుకున్నాడు: నాయనమ్మ చిన్నప్పుడు, పండగ రోజుల్లో వాళ్ళమ్మ దేవిడీ నుంచి గిన్నెడు ఖుబానీ కా మీఠా తెచ్చేదట. వంటగదిలో మనిషి కాకపోతే అది ఎక్కడిది!

భూమి తగాదా ఉంటే మాత్రం ఈ చదువంతా పక్కనబెట్టండి. ఆఫీసు నుంచి ధ్రువీకరించిన నకలు, దానికి తెలిసినవాళ్ళు చేసిన అనువాదం తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్ళండి. నోటుబుక్కు ఇంటికోసమే.

మా నోటుబుక్కులో ఆ దేవిడీ పేజీ కింద ఇప్పుడు ఇలా ఉంది: “మామా. జీతాల చిట్టా, ఆడ నౌకర్ల వరసలో. వంట, పైపని. చెప్పింది దబీర్‌పురా మాస్టారు. ఖుబానీ సంగతి బాబాయి.” బాబాయి దాని కింద పెన్సిల్‌తో “మామ కాదు” అని రాశాడు.